కాలువ కట్టమీద పరుగు

(పాఠ్యభాగములు: హెబ్రీ. 12:1-3; 1 కొరింథీ. 9:24-27, 1 రాజులు 18:46 మొదలు 19:8 వరకు)



ఈ మాసపు పాఠము చదువుటకు ముందు పైనున్న మూడు వాక్యభాగములను మీ ఇంటిలో చదువు వచ్చిన యొకరిచేత బిగ్గరగా చదివించుకొనుడి. మొదటి రెండును పరుగును గూర్చినవి. మూడవది పరుగెత్తి అలసిపోయిన యొక మనుష్యుని గూర్చినది. నేను చాలకాలము మొదటి రెండింటిమీదనే ప్రసంగించుచు వచ్చితిని. మూడవదానిని వాటితో కలిపి చదువవలెనని నా కాళ్లు నాకు నేర్పినవి.

గత రెండు సంవత్సరములుగా తెల్లవారుజామున నాలుగు గంటలకు మా ఊరి కాలువ కట్టమీద నేను పరుగెత్తుచున్నాను. మొదటి దినములలో జరిగినది చెప్పినయెడల మీరు నవ్వుదురు. చీకటిలో పాదిరి పరుగెత్తుచున్నాడనగా ఊరిలో ఎవరికో ప్రాణముమీదికి వచ్చినదని మనవారి తలంపు. పాలకేంద్రమునకు పాలు తీసికొనిపోవు ఒక పెద్దాయన సైకిలు దిగి, "అయ్యగారూ, ఎవరికండీ?" అని వణకుచు అడిగెను. "ఎవరికీ లేదు, నా కోసమే" అంటిని. ఆయన మరింత భయపడెను. మధ్యాహ్నమునకు నలుగురు స్త్రీలు మా ఇంటికి వచ్చి అమ్మగారిని ఓదార్చబోయిరి.

సంగతి యేమనగా, నా నలువది నాలుగవ యేట చక్కెర వ్యాధి బయటపడెను. బందరులో నన్ను చూచిన వైద్యుడు మాత్రలు వ్రాసి, దినమునకు ఒక గంట నడువవలెననెను. ఇంటింట కాఫీ, పెండ్లిండ్లకు పరమాన్నము, కూర్చుండి చేయు పని, రాత్రి ఆలస్యపు భోజనము. పాదిరి బ్రదుకులో ఈ వ్యాధికి కావలసినవన్నియు ఉన్నవి. కాబట్టి నడక మొదలుపెట్టితిని.

మా సంఘములో ఒక యువకుడు కలడు, పేరు వ్రాయను. గుడివాడ దారిలోని ఒక రైసుమిల్లులో గుమాస్తా. వారమునకు ఆరు దినములు పని. నేను నడచుచుండగా అతడు పరుగున నన్ను దాటిపోవుచు, "వందనాలయ్యగారూ" అని చెప్పి పోవుచుండెను. ఒక ఉదయమున ఆగి, "కాస్త నాతో రండి, మెల్లిగానే" అనెను. రెండు తాడిచెట్ల మధ్య దూరము పరుగెత్తి, తరువాతి రెండింటి మధ్య నడచితిమి. ఆ విధముగా ఒక కిలోమీటరు. ఇంటికి వచ్చి మంచముమీద పడి, ఇక చాలుననుకొంటిని. మరునాడు ఉదయమున అతడు మా గుమ్మమువద్ద నిలిచియుండెను.

అతడు విశాఖపట్టణములో తూర్పు నౌకాదళమువారు సముద్రతీరపు రోడ్డుమీద జరిపించు మారథాను పరుగునకు సిద్ధపడుచుండెను. మారథాను అనగా 42 కిలోమీటర్ల 195 మీటర్ల పరుగు. గుడివాడనుండి బందరు వరకు రైలుదారి 40 కిలోమీటర్లకు లోపే. గుడ్లవల్లేరు, కవుతరము, వడ్లమన్నాడు, పెడన స్టేషనులన్నియు దాటి బందరు చేరిన తరువాత కూడ పరుగు ఇంకను మిగిలియుండునన్నమాట. 1896లో ఏథెన్సు పట్టణమున ఒలింపిక్ ఆటలు తిరిగి ప్రారంభమైనప్పుడు మారథాను అను ఊరినుండి ఏథెన్సు వరకు సుమారు 40 కిలోమీటర్ల పరుగు పెట్టిరి. పూర్వము గ్రీకులు పారసీకులను గెలిచిన వార్తను ఒక దూత ఆ మార్గమున పరుగెత్తి తెచ్చి, చెప్పి, అక్కడనే ప్రాణము విడిచెనను కథనుబట్టి ఏర్పరచిన పరుగు అది. దానిలో గెలిచినవాడు స్పిరిడాన్ లూయిస్ అను నీళ్లు మోసి అమ్ముకొను గ్రామస్థుడు. 1908లో లండనులో జరిగినప్పుడు, విండ్సర్ రాజగృహమువద్ద బయలుదేరి, ఆటస్థలములో రాజకుటుంబము కూర్చుండు చోటికి ఎదురుగా ముగియునట్లు కొలత సవరించిరి. అప్పుడు వచ్చిన 26 మైళ్ల 385 గజములే 1921లో స్థిరమైన నియమమాయెను. రాజకుటుంబము సౌకర్యముగా చూచుటకై పెరిగిన ఆ తుది రెండు కిలోమీటర్లు ఇప్పటికిని సామాన్యుల కాళ్లను పీడించుచున్నవి.

ఇక్కడ ఒక పొరపాటును దిద్దవలెను. అపొస్తలుడైన పౌలు మారథాను పరుగును మనస్సునందుంచుకొని కొరింథీయులకు వ్రాసెనని కొందరు బోధకులు చెప్పుదురు. నేనును ఒకమారు పులిపీఠమునుండి చెప్పితిని. అది సరికాదు. ప్రాచీన గ్రీకుల ఆటలలో అట్టి దీర్ఘమైన పందెము లేదు. 1 కొరింథీ. 9:24లో పందెపు రంగమును తెలుపు మూలపదము స్టాడియోన్. అది ఒక కొలత కూడ. ఒలింపియాలో సుమారు 192 మీటర్లు. వారి పందెములలో అన్నిటికంటె పొడవైనది కూడ 5 కిలోమీటర్లకు మించలేదు. కొరింథుకు అనతిదూరములో ఇస్త్మియ అను స్థలమున రెండేండ్లకొకసారి గొప్ప ఆటలు జరుగుచుండెను. పౌలు కొరింథులో ఏడాదిన్నర కాలము డేరాలు కుట్టుచు, బోధించుచు ఉండెను (అపొ. కార్య. 18:3, 11). క్రీ.శ. 51లో ఆ ఆటలు జరిగినప్పుడు అతడు అక్కడనే యుండియుండునని పండితులు లెక్కించుదురు. వేలకొలది జనము వచ్చి బస చేయు స్థలములో డేరాలు కుట్టువానికి పనికి కొదువ యుండదు. ఇది నా ఊహ మాత్రమే.

ఆ ఆటలలో గెలిచినవానికిచ్చు కిరీటము బంగారముది కాదు. పైను చెట్టు కొమ్మలతో గాని, మన కొత్తిమీర జాతికి చెందిన ఒక ఆకుకూర వాడిపోయిన రెమ్మలతో గాని అల్లెడివారు. వాడిపోవు కిరీటమని పౌలు వ్రాసినప్పుడు కొరింథువారికి అర్థము విప్పి చెప్పనక్కరలేదు. దానిని వారు కన్నులార చూచిరి. ఒలింపియాలో పాల్గొనువారు పది నెలలు శిక్షణ తప్పలేదని ప్రమాణము చేయవలసియుండెనని పౌసానియస్ అను గ్రీకు గ్రంథకర్త తెలిపియున్నాడు. ఆకుకూర కిరీటముకొరకు పది నెలలు!

పందెగాడు అన్నిటియందు మితము పాటించునని పౌలు చెప్పిన మాటను మనము సాధారణముగా సారా, పొగాకు విషయమై చెప్పుకొందుము. ఆ రెండును నాకు అలవాటు లేవు గనుక ఆ వచనము నన్ను ఎన్నడును బాధింపలేదు. మిల్లు గుమాస్తా నాకు నేర్పిన మితము వేరు. కాళ్లలో శక్తి యున్నప్పుడు దానిని ఖర్చు చేయకుండుట. "మాట్లాడగలిగినంత నెమ్మదిగా పరిగెత్తండయ్యగారూ. ఒగరుస్తుంటే వేగం ఎక్కువైనట్టే" అని అతడు పదే పదే చెప్పెను. నేను వినలేదు. రెండవ మాసములో, ఎదురుగా వచ్చు బడిపిల్లలు చూచుచున్నారని వేగముగా పరుగెత్తి పిక్క పట్టుకొని మూడు వారములు కుంటితిని. సంఘకాపరికి చూచువారున్నప్పుడు వేగము పెంచు గుణము కట్టమీదనే గాక మరికొన్ని చోట్ల కూడ కలదని ఆ మూడు వారములలో ఆలోచించుకొనుటకు తీరిక దొరికెను.

శిక్షణ విధానము ఇది. వారమునకు నాలుగు దినములు పరుగు. మూడు దినములు కొద్ది దూరము, ఒక దినము ఎక్కువ దూరము. ఆ ఎక్కువ దూరమును వారమునకు ఒకటి రెండు కిలోమీటర్ల చొప్పున మాత్రమే పెంచవలెను. మూడు వారములు పెంచి నాలుగవ వారము తగ్గించవలెను. కండరము పరుగులో గాయపడి, విశ్రాంతిలో బలపడునట. పరుగు శరీరమును కట్టదు. పరుగు అడుగును, నిద్ర కట్టును. ఆరు దినములు పని, ఏడవ దినమున విశ్రాంతి అను ఆజ్ఞ నేను కంఠస్థము చేయించినదే గాని, నా కాళ్లకు వర్తించునని తలంచలేదు.

మన ప్రాంతములో ఎండకంటె ఉక్క కఠినమైనది. సముద్రము దగ్గర గనుక చెమట ఆరదు. ఆరని చెమట శరీరమును చల్లపరచదు. అందుచేత రోహిణి కార్తెలో మూడున్నరకే బయలుదేరి సూర్యోదయమునకు ఇల్లు చేరవలెను. దారిలో ఉప్పు వేసిన మజ్జిగ కొద్దికొద్దిగా త్రాగవలెను. దాహమునకు మించి ఒట్టి నీరు అదేపనిగా త్రాగుట కూడ అపాయమే; రక్తములో ఉప్పు పలచబడి మనుష్యుడు స్పృహ తప్పును. చక్కెర వ్యాధిగలవారు వైద్యుని అడుగక ఈ పని చేయరాదు. మాత్రలు మ్రింగి దూరము పరుగెత్తిన యెడల రక్తములో చక్కెర ఆకస్మికముగా పడిపోవచ్చును గనుక నా జేబులో ఎల్లప్పుడు బెల్లపు ముక్క యుండును. ఇంటికి వచ్చిన వెంటనే పాదములను వెలుతురులో చూచుకొనవలెను. ఈ వ్యాధిలో పాదమునకైన పుండు నొప్పి తెలియకయే పెరుగును.

ఇరువది అయిదు, ముప్పది కిలోమీటర్లు దాటినప్పుడు సంభవించునది ముందుగా ఎవరు చెప్పినను నమ్మలేము. కాలేయములోను కండరములలోను శరీరము దాచుకొనిన చక్కెర నిలువ ఇంచుమించు ముప్పదవ కిలోమీటరునకు అడుగంటును. అప్పుడు కాళ్లే గాక మనస్సు కూడ చీకటిపడును. నేను మొదటిసారి 28 కిలోమీటర్లు పోయిన దినమున కట్టమీద కూర్చుండి, కారణము లేకయే ఏడ్చితిని. నా పరిచర్య వ్యర్థమనియు, సంఘము నన్ను సహించుచున్నదే గాని ప్రేమించుటలేదనియు తోచెను. గుమాస్తా నా ప్రక్కను కూర్చుండి ఒక అరటిపండు వొలిచి ఇచ్చి, "తినండయ్యగారూ, ఇది ఆకలి" అనెను. తింటిని. పది నిమిషములకు నా పరిచర్య అంత వ్యర్థముగా కనబడలేదు.

ఇప్పుడు ఏలీయా కథను చూడుడి. కర్మెలుమీద అగ్ని దిగెను, వర్షము వచ్చెను, యెహోవా హస్తము అతనిమీద నుండగా అహాబు రథమునకు ముందుగా యెజ్రెయేలు వరకు పరుగెత్తెను. అది సుమారు 25, 30 కిలోమీటర్ల దూరము. మరునాడే యెజెబెలు కబురు విని, ప్రాణభయముతో దక్షిణమునకు పోయి, అరణ్యములో ఒక బదరీ వృక్షము క్రింద కూర్చుండి, చావు నిమ్మని దేవుని అడిగెను. ఇంత గొప్ప జయము చూచినవాడు ఇంత త్వరగా ఎట్లు అవిశ్వాసియాయెను అని సెమినరీలో మేము వాదించుకొంటిమి; నా వ్యాసమునకు మంచి మార్కులు కూడ వచ్చెను. ఆ వ్యాసములో భోజనము మాట లేదు. దేవుడైతే అతనిని గద్దింపలేదు, బోధింపలేదు. దూతను పంపి, తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన అప్పమును నీటిబుడ్డియు ఇప్పించెను. తిని పండుకొనెను. రెండవ మారు లేపి మరల తినిపించెను. ప్రయాణము అతని శక్తికి మించినదని దూతయే ఒప్పుకొనెను. హోరేబులో మెల్లనైన స్వరము వినబడుటకు ముందు రెండు నిద్రలు, రెండు భోజనములు ఉన్నవి. నిరాశతో నాయొద్దకు వచ్చిన వారికి నేను ముందు వాక్యము తీసి చూపెడివాడను. ఇప్పుడు ముందు, "ఏమైనా తిన్నావా?" అని అడుగుచున్నాను. నూర్పిళ్ల కాలములో వచ్చువారిలో సగముమంది తినలేదనియే చెప్పుదురు.

హెబ్రీ పత్రిక 12వ అధ్యాయములో పరుగెత్తువారు విడువవలసినవి రెండు చెప్పబడినవి. ఒకటి పాపము. మరియొకటి బరువు. ఆ రెండును ఒకటే యని అనేకులు తలంతురు. మూలములోని ఓంకోస్ అను మాటకు భారము, అధికమైన పరిమాణము అని అర్థము. బరువు తనంతట తాను చెడ్డది కానక్కరలేదు. ధాన్యపు బస్తా చెడ్డది కాదు. బుజముననుంచుకొని పరుగెత్తలేము, అంతే. నాకు ఆ బరువు పరుగే ఆయెను. శనివారము దూరపు పరుగు పెట్టుకొనుచుంటిని గనుక ఆ రాత్రి ప్రసంగమునకు సిద్ధపడకయే నిద్రపోవుచుంటిని. ఒక గురువారము, జ్వరముతో నున్న ఒక సహోదరుని ఇంట ప్రార్థన కూటములో ఇతరులు ప్రార్థించుచుండగా గురకపెట్టితిని. ఆ ఇంటివారు గౌరవముచేత ఏమియు అనలేదు. మా ఇంటిలో గౌరవము అంత లేదు. "ఆ పరుగు మిమ్మల్ని బాగుచేస్తోందనుకున్నాను. మాకు మిగలకుండా చేస్తోంది" అని నా భార్య అనెను. దూరపు పరుగును సోమవారమునకు మార్చుకొంటిని. సోమవారము నాకు విశ్రాంతి దినము.

ఆ సోమవారమే నన్ను చిక్కులో పడవేసెను. విశాఖ పరుగుగాని, ఆగస్టు మాసములో హైదరాబాదులో జరుగు మారథాను గాని ఆదివారము ఉదయముననే జరుగును. గుమాస్తా నన్ను అడిగెను: "అయ్యగారూ, ఆదివారం పరిగెత్తితే పాపమా?" నేను ఆలోచింపలేదు. "ఆరాధన విడిచి పోవడం పాపం కాక ఏమిటి?" అంటిని. అతడు కొంతసేపు ఊరకుండి, "మీకు సోమవారం సెలవండి. నాకు ఆదివారం ఒక్కటే" అని చెప్పి, వందనములు చెప్పి పోయెను. అతడు విశాఖకు పోయెను, నాలుగు గంటల నలువది నిమిషములలో పరుగు ముగించెను, తిరిగి వచ్చెను. కాని ఆలయమునకు రాలేదు. ఒక ఆదివారము, రెండు, అయిదు. కట్టమీద కూడ కనబడలేదు. నేను వచ్చు వేళ తెలిసి వేరొక వేళ పరుగెత్తుచుండెను.

ఆదివారపు పరుగు మాట వచ్చినప్పుడు మనము ఎరిక్ లిడెల్ కథ చెప్పుదుము. నేనును అతనికి చెప్పితిని. చైనాలో మిషనరీల కుమారుడుగా 1902లో జన్మించిన ఈ స్కాట్లండు దేశస్థుడు 1924 పారిస్ ఒలింపిక్ ఆటలలో 100 మీటర్ల పందెపు తొలి పరుగులు ఆదివారమున ఉన్నవని దానిని మానుకొనెను. ఓడ యెక్కుచుండగా ఈ సంగతి తెలిసినట్లు చలనచిత్రములో చూపిరి గాని, నిజమునకు కొన్ని మాసములు ముందుగానే తెలిసి, 400 మీటర్లకు సిద్ధపడెను. జూలై 11వ తేదీన 47.6 సెకనులలో గెలిచెను. మరుసటి సంవత్సరమే చైనాకు మిషనరీగా వెళ్లి, జపానువారి నిర్బంధ శిబిరములో 1945 ఫిబ్రవరి 21న మరణించెను. అతనికి 43 సంవత్సరములు. ఇంతవరకు నేను చెప్పితిని. చెప్పనిది ఒకటి యున్నది. ఆ శిబిరములోని పిల్లలు ఆదివారము ఆటలాడుకొని, పెద్దదిక్కు లేక కొట్టుకొనిరి. మొదట ఆదివారము ఆట జరిపించుటకు నిరాకరించిన లిడెల్, తరువాతి ఆదివారమున తానే వెళ్లి మధ్యవర్తిగా నిలిచి ఆడించెను. పతకము కొరకు విడువని ఆదివారమును పిల్లల కొరకు విడిచెను. ఈ రెండవ సగమును నేను మరచియుండలేదు. నా వాదమునకు అక్కరలేదని విడిచిపెట్టితిని. అది నన్ను బాధించెను.

రోమా పత్రిక 14వ అధ్యాయములో దినములను గూర్చి పౌలు వ్రాసినది మరల చదివితిని. నా విషయమై నేను నిర్ణయించుకొనినది యేమనగా, సంఘమునకు వాక్యము అందింప బాధ్యతగల నేను ఆదివారము ఏ పందెమునకును పోరాదు. ఏడాదికి ఒక ఆదివారము, అదియు తనకున్న ఒకే సెలవు దినమున పోయిన గుమాస్తాకు అదే తీర్పు తీర్చుటకు నాకు వాక్యాధారము దొరకలేదు. పెద్దలలో ఇద్దరు ఈ విషయమై నాతో ఏకీభవింపరు. వారి మాటయందును బలము కలదు. ఏడాదికి ఒకటి అని మొదలైనది నెలకు ఒకటి కాదా అని వారి ప్రశ్న. కాని అయిదు ఆదివారములు అతడు రాకపోవుటకు పరుగు కారణము కాదు, నా మాట కారణము.

లూకా 15:20లో తండ్రి పరుగెత్తెను. ముసలి తండ్రి, పెద్దమనిషి, వీధిలో. నేను రెండున్నర గంటలకు లేచి కట్టమీద చీకటిలో కూర్చుంటిని. మూడున్నరకు అతడు వచ్చెను. తమాషా యేమనగా, క్షమాపణ మాట నోట రాకముందే అతడు పరుగు మొదలుపెట్టెను, నేను వెంటబడితిని. ఒక కిలోమీటరు అతని వేగమున పోయి, ఒగర్చుచు, "తప్పు నాదే" అంటిని. అతడు వేగము తగ్గించెను. విశాఖలో ఆ సాయంకాలము ఒక ఆలయమునకు పోయి, కాళ్లు పట్టుకుపోయి మెట్లు ఎక్కలేక క్రిందనే కూర్చుండి పాటలు వింటినని అప్పుడు చెప్పెను. నేను ఆ సంగతి అడిగియే యుండలేదు.

దీర్ఘమైన పరుగును గూర్చి చెప్పునప్పుడు బందరును మరువరాదు. రాబర్టు నోబుల్ దొరగారు 1841లో ఫాక్సు దొరగారితో కలిసి బందరు చేరి, 1843లో పాఠశాల తెరచెను. ఆ పాఠశాలనుండి మొదటి విద్యార్థులైన ఐనాల భూషణము, మంచాల రత్నము బాప్తిస్మము పొందినది 1852లో. తొమ్మిది సంవత్సరములు! ఆ బాప్తిస్మములతో పిల్లలను తలిదండ్రులు మానిపించుకొనగా పాఠశాల ఇంచుమించు ఖాళీయాయెను. మరల మొదటినుండి నింపుకొనెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెనలో బందరు ప్రాంతమున సుమారు 30 వేలమంది చనిపోయిరి. అప్పటికిని ఆయన అక్కడనే యుండెను. మరుసటి సంవత్సరము మరణించువరకు, వచ్చిన 24 సంవత్సరములలో ఒకమారైనను స్వదేశము చూడలేదు. సెలవు తీసికొనకుండుటను నేను మెచ్చుకొనలేను. ఏలీయా పాఠము ఆయనకు ఎవరైన చెప్పవలసియుండెను. తొమ్మిది సంవత్సరములు మాత్రము నన్ను తలవంచుకొనజేయును.

మా సంఘములో దివిసీమనుండి కోడలుగా వచ్చిన కుమార్తెయొద్ద నివసించుచుండిన ఒక వృద్ధురాలు ఉండెను. ఊరంతయు మామ్మ అని పిలిచెడిది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో భర్తను, ఇద్దరు పిల్లలను పోగొట్టుకొనెను. ఆ ఉప్పెనలో లెక్కకు వచ్చినవారే సుమారు పదివేలమంది. ఒక ఉదయమున అరుగుమీద కూర్చుండి, చెమటతో వచ్చుచున్న నన్ను పిలిచి, "దేనికి పరిగెడతన్నారు అయ్యగారూ?" అని అడిగెను. నేను వ్యాధి సంగతి చెప్పి, తరువాత హెబ్రీ పత్రిక కూడ చెప్పితిని. ఆమె విని, "ఆ రోజు పరిగెత్తినోళ్లని నీళ్లు పట్టుకున్నాయి. నేను తుమ్మచెట్టు పట్టుకున్నాను. ముళ్లు దిగినా వదల్లేదు, అంతే" అనెను.

ఇంటికి పోయి మూలము తీసితిని. హెబ్రీ. 12:1లో ఓపిక యని మనము చదువు మాట ఉపొమొనే. క్రింద నిలిచియుండుట అని దాని ధాత్వర్థము. పరుగెత్తుటయు, కదలక నిలిచియుండుటయు ఒకే వాక్యములో ఎట్లు కలిసినవని నాకు ఎన్నడును ప్రశ్న పుట్టలేదు. ఆ తరువాతి వచనములో యేసు సిలువను సహించెనన్నప్పుడు అదే ధాతువు. అక్కడ మేకులు, ఆయనయు కదలలేదు. సాక్షుల సమూహమనగా ఆటస్థలపు మెట్లమీద కూర్చుండి చప్పట్లు కొట్టువారని నేను బోధించుచు వచ్చితిని. 11వ అధ్యాయము మరల చదువుడి. వారు వేడుక చూచువారు కారు. పట్టుకొని, విడువనివారు.

జనవరి మాసములో ఒక సోమవారము నా 42 కిలోమీటర్లకు దినము నిర్ణయించుకొంటిని. గుమాస్తా తన ఫోనుతో కొలిచి, మా ఆలయమునుండి ఏడు కిలోమీటర్ల వరకు కట్టమీది తాడిచెట్లకు సున్నపు గుర్తులు పెట్టెను. పోయి వచ్చిన 14; మూడు మారులు 42. మిగిలిన 195 మీటర్లకు ఆలయము చుట్టు రెండు మారులు తిరుగవలెను. మొదటి చుట్టు అతడు నాతో వచ్చి, అయిదున్నరకు మిల్లుకు పోయెను. రెండవ చుట్టులో మంచు కురియుచుండెను. కుప్పనూర్పిళ్లకు పోవు స్త్రీలు దారి యిచ్చి నవ్విరి. ప్రతి 14 కిలోమీటర్లకు మా ఇల్లు, తలుపు, మంచము కనబడుచుండుట ఈ యేర్పాటులోని లోపము.

ముప్పది ఒకటవ కిలోమీటరున కాళ్లు ఆగిపోయినవి. నడచితిని. యెషయా 40:31లో ముందు ఎగురుట, తరువాత పరుగు, చివరకు నడక చెప్పబడినది. చిన్నదానినుండి పెద్దదానికి పోవుట సహజము గదా, ప్రవక్త వరుస తప్పెనేమో అని పూర్వము నాకు సందేహము. అక్కడ నడచుచు ఆ సందేహము విడిచితిని. బెల్లము తిని, సండేస్కూలు పిల్లవాడొకడు తెచ్చిన మజ్జిగ త్రాగి, మరల మెల్లగా పరుగందుకొంటిని. వాడు చెప్పులు లేకుండ నా ప్రక్కను నడకతోనే సమముగా వచ్చుచుండెను. అంత వేగము నాది.

చివరి మలుపు తిరిగి 36వ గుర్తు చేరునప్పటికి మామ్మ మనుమడు మోటారుసైకిలు మీద ఎదురువచ్చెను. "మామ్మకి బాలేదండీ. మిమ్మల్ని అడుగుతోంది." ఇంటికి పోయి బట్టలు మార్చుకొందునా అని ఒక క్షణము ఆలోచించితిని. ఆ పిల్లవాని ముఖము చూచి, అట్లే వెనుక ఎక్కితిని.

నిక్కరు, బురద పట్టిన కాన్వాసు బూట్లు, చెమట. ఆ వేషముతో ఏ సంఘకాపరియు మరణశయ్యయొద్దకు పోయియుండడు. మామ్మ కన్నులు తెరచి నా బూట్లవైపు చూచెను. "ఎంత దూరం వచ్చారు?" "ముప్పై ఆరు కిలోమీటర్లు, మామ్మా." "ఇంకెంతుంది?" "ఆరు." ఆమె ఏదో అనబోయి దగ్గెను. కీర్తన చదువుమని సైగ చేసెను. పుస్తకము తేలేదు, తోచినంతవరకు కంఠస్థముగా చెప్పితిని, తప్పినచోట కుమార్తె అందించెను. ఆమె చేయి నా చేతిలో నుండెను. అరచేతిలో పాత ముళ్ల మచ్చలు తగిలినవి.

బుధవారము తెల్లవారుజామున ఆమె ప్రభువునందు నిద్రించెను. గుమాస్తా మిల్లులో అరపూట సెలవు అడిగి, పెట్టె మోయుటకు వచ్చెను. సమాధుల తోటకు పోవు దారి కట్టమీదుగానే యున్నది. మేము మెల్లగా నడచితిమి. 36వ గుర్తుగల తాడిచెట్టు ప్రక్కగా పోవునప్పుడు అతడు దానివైపు చూచి, ఏమియు అనలేదు.

తరువాతి వారమున అన్నాడు. మిగిలిన ఆరు కిలోమీటర్లను, ఆ రెండు చుట్లను ఒక ఉదయమున పరుగెత్తినయెడల లెక్క సరిపోవునని అతని వాదము. మధ్యలో మోటారుసైకిలు ఎక్కినందున సరిపోదనియు, మొదటినుండి మరల 42 పోవలెననియు నా వాదము. సున్నపు గుర్తులు వానలకు చెరిగిపోకముందు ఈ సంగతి తేల్చుకొనవలెనని అనుకొనుచున్నాము.